హాలీవుడ్‌లో 'చిత్రలత' భోజనం

హాలీవుడ్ అనగానే మన పాఠకులకు గుర్తొచ్చేవి స్టూడియోలూ, నక్షత్రాలు పొదిగిన ఆ కాలిబాటా, కొండమీద నిలబెట్టిన ఆ తొమ్మిది తెల్లటి అక్షరాలూను. 2023 మార్చి నుంచి ఆ జాబితాలోకి డాల్బీ థియేటరు కూడా చేరింది. మన కీరవాణి, చంద్రబోస్ ఆస్కారు బొమ్మలు చేత పుచ్చుకున్నది అక్కడేగా! ఆ థియేటరున్న హాలీవుడ్ బూలెవార్డు మీదే తూర్పుముఖంగా రెండు మైళ్ళు వెళ్ళారనుకోండి... థాయ్‌లాండ్ వచ్చేస్తుంది.

హాస్యానికి అనడం లేదు. వెస్టర్న్ అవెన్యూకీ నార్మండీ అవెన్యూకీ మధ్యనున్న ఆ నాలుగడుగుల మేరని లాస్ ఏంజిలిస్ నగరపాలక మండలి 1999లో 'థాయ్ టౌన్' అని అధికారికంగా ప్రకటించింది. నడుం దాకా స్త్రీ, ఆ కింద సింహం... అలాంటి బంగారు రంగు బొమ్మలు మీకు స్వాగతం చెబుతాయి. మన పురాణాల్లోని హిమవంతమే వాళ్ళ 'హిమ్మపాన్' అడవి. ఆ అడవిలో ఉండే దేవకాంతలట వీళ్ళు. థాయ్‌లాండ్ బయట థాయ్ జనం ఇంతమంది ఉన్న నగరం మరొకటి లేదని చెబుతారు.

ఈ సంగతి ఇప్పుడెందుకూ అంటారా? గుంటూరు నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. అబ్బాయి లాస్ ఏంజిలిస్‌లో చదువుకుంటున్నాడట. ఈవిడ మూడు నెలలు ఉండి రావడానికి వెళుతున్నారు. "మావాడికి థాయ్ భోజనమంటే ప్రాణం. అక్కడ మంచి హోటళ్ళేవి? నేను మాంసం, చేపలు ముట్టను. పైగా చప్పిడి తిండి నావల్ల కాదు. ఏం చెయ్యమంటారు?" అని అడిగారు.

అమ్మా, మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. జవాబు మాత్రం అసలు ఒక్కటే: రెండో మెనూ అడగండి.

* * *

రెండో మెనూ ఏమిటో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

1965లో అమెరికా వలస చట్టం మారాక థాయ్ విద్యార్థులూ, నర్సులూ, వాళ్ళ వెనక చుట్టాలూ లాస్ ఏంజిలిస్ చేరుకున్నారు. 1970ల మొదట్లో మెల్రోజ్ దగ్గర 'బ్యాంకాక్ మార్కెట్' అని ఒక కిరాణా కొట్టు పెట్టారు. అది 2019 దాకా నడిచింది. నిమ్మగడ్డి, గలంగ దుంప, చేపనీళ్ళ సీసా దొరకడం మొదలయ్యాక హోటళ్ళు లేచాయి. కానీ తినేవాడెవడు? అమెరికా దొర. ఆయనకు కారం పడదు, చేప వాసన పడదు. తీపి మాత్రం బ్రహ్మాండంగా పడుతుంది. అంచేత కొబ్బరిపాలు ఒక గరిటె ఎక్కువ పోశారు, పంచదార రెండు చెంచాలు ఎక్కువ వేశారు, మిరపకాయను తగ్గించారు. ప్యాడ్ థాయ్, ఆకుపచ్చ కూర, పుల్లలకు గుచ్చిన సాటే... ఈ మూడే థాయ్ భోజనమని లోకం అనుకుంది. ఆ ప్యాడ్ థాయ్ కూడా తాతల నాటి వంటకమేం కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అక్కడి ప్రధాని ఫిబూన్ జాతీయతా ప్రచారంలో భాగంగా ఊరూరా తినిపించిన నూడుల్సు!

సినిమా పరిభాషలో చెప్పాలంటే ఇది డబ్బింగు ప్రింటు. కథ అదే, మొహాలు అవే. పెదాల కదలిక మాత్రం మాటలకు కలవదు.

తప్పు పట్టడానికి లేదండోయ్. పరాయి దేశంలో అద్దె కట్టాలి, పిల్లల్ని చదివించాలి. మనవాళ్ళు చేసింది మాత్రం వేరేనా? విదేశాల్లో 'ఇండియన్ రెస్టారెంటు' బోర్డు పెట్టిన తెలుగువాడు చాలాకాలం బల్లమీదకు పంపింది బటర్ చికెనూ, నానురొట్టే. గోంగూర వంటింట్లో సిబ్బంది కోసం ఉడికేది. థాయ్‌వాళ్ళ గోంగూర ఎక్కడుందో కనిపెట్టడమే మన పని.

* * *

ఇక అసలు కథలోకి వస్తాను. సన్‌సెట్ బూలెవార్డు మీద, నాలుగు దుకాణాల చిన్న వరసలో, ముందు కార్లు నిలిపే జాగాతో ఒక హోటలుంది. పేరు 'జిత్లదా'. థాయ్ లిపిలో రాసినదాన్ని అక్షరం పొల్లుపోకుండా మన లిపిలోకి దించితే 'చిత్రలదా'. అంటే మన చిత్రలతే! బ్యాంకాక్‌లో ఒక రాజనివాసం పేరు కూడా అదే. సినిమా పత్రికలో రాయడానికి ఇంతకంటే మంచి పేరున్న హోటలు నాకెక్కడ దొరుకుతుంది చెప్పండి?

ఈ హోటలు పాతదే. 2006లో దక్షిణ థాయ్‌లాండ్‌కు చెందిన ఒక అన్నా చెల్లెలూ దాన్ని తీసుకున్నారు. అన్నగారు తుయీ వంటశాల చూసుకునేవారు. చెల్లెలు సారింతిప్... అందరికీ 'జాజ్'... బల్లల మధ్య తిరుగుతూ ఆప్యాయంగా వడ్డించేది. ముందున్న మెనూ అందరి హోటళ్ళలో ఉండేదే. వెనక పేజీల్లో మాత్రం, ఒక్క థాయ్ లిపిలోనే, తమ ఊరి వంటలు రాసి పెట్టుకున్నారు. వాటిని అడిగేది థాయ్‌వాళ్ళే. మిగతావాళ్ళకు అవి ఉన్నట్టే తెలియదు.

తిండి మీద మోజున్న ఒకాయన పట్టుబట్టి ఆ పేజీలను ఇంగ్లీషులో పెట్టించాడు. ఆ తరవాత జొనాథన్ గోల్డ్ వచ్చాడు. ఈయన 'ఎల్.ఏ. వీక్లీ' అనే వారపత్రికలో హోటళ్ళ గురించి శీర్షిక రాసేవాడు. ఇదిగో, మనలాంటివాడే! 2007లో ఆయనకు పులిట్జర్ బహుమతి ఇచ్చారు. తిండి గురించి రాసినవాడికి ఆ బహుమతి రావడం అదే మొదలు. పెద్ద పెద్ద హోటళ్ళ గుమ్మాల్లో కాపలా కాయకుండా, పికప్ ట్రక్కొకటి వేసుకుని నగరంలోని వలసవాళ్ళ పేటలన్నీ తిరిగి రాశాడాయన. 2015లో ఆయన మీద 'సిటీ ఆఫ్ గోల్డ్' అని డాక్యుమెంటరీ వచ్చింది. 2018లో పోయాడు పాపం. ఆయన జిత్లదాను మెచ్చుకోవడంతో ఆ చిన్న వరస ముందు కార్లు నిలపడానికి చోటు లేకుండా పోయింది. సింప్సన్స్ బొమ్మలు గీసిన మాట్ గ్రోనింగ్ దగ్గర్నుంచి సినిమావాళ్ళెందరో ఆ హోటలు భక్తులయ్యారు.

దొరలు వచ్చారు కదా అని కారం తగ్గించలేదు, చూశారూ, అదీ విశేషం! తుయీ 2017లో కన్నుమూసినా ఆ వంటల పేరు చెరగలేదు. అక్కడ 'ఖువా క్లింగ్' అని పొడికూర ఒకటుంది. కొబ్బరిపాల చుక్క ఉండదు. పసుపూ, మిరపా, నిమ్మగడ్డీ కలిపి నూరిన ముద్దలో మాంసాన్ని వేయించి వేయించి పొడిగా చేస్తారు. తింటుంటే నుదుట చెమట పడుతుంది. చెయ్యి మాత్రం ఆగదు! 'కేంగ్ సోమ్' అని పసుపు రంగు పులుసు ఉంది. మన చేపల పులుసుకు పినతల్లి బిడ్డ అనవచ్చు. తూటికూర తెలుసుగా, మన చెరువుల్లో అల్లుకునేది? దాన్ని బజ్జీల్లా కరకరలాడించి, పైన పుల్లటి రసం పోసి ఇస్తారు. మన ఊళ్ళో తూటికూరను తలెత్తి చూడనివాళ్ళు అక్కడ దానికోసం వరసలో నిలబడతారు.

ఈ నగరంలో ఒక్క పూటే ఉంటే ఎక్కడ తినమంటావని ఎవరడిగినా నా ఓటు చిత్రలతకే.

* * *

రెండో మెనూ కథ అంతటితో అయిపోలేదు. కొన్నిచోట్ల దాన్ని బయట పెట్టింది కొడుకులు.

సన్‌సెట్ స్ట్రిప్ మీద 1982లో 'తలేసాయ్' అని ఒక దంపతులు నాజూకు హోటలు పెట్టారు. తెల్ల బల్లగుడ్డలూ, మెత్తటి రుచులూ. వాళ్ళబ్బాయి క్రిస్ యెన్‌బంరూంగ్ 2010లో సరిగ్గా దాని పక్కనే 'నైట్ మార్కెట్' తెరిచాడు. రాత్రిపూట థాయ్ బజార్లలో రోడ్డు పక్కన అమ్మే తిండి, ఉత్తరాది, ఈశాన్యపు వంటలు... ఏవి నాన్న హోటల్లో పెట్టలేదో అవే పెట్టాడు. గోడకు ఇటు డబ్బింగు, అటు ఒరిజినల్! 2014లో సిల్వర్ లేక్ పేటలో రెండోది తెరిచాడంటే ఏది ఆడిందో మీరే ఊహించండి.

ఇంకోటి ఇంతకంటే చిత్రం. కొండకు అవతల షెర్మన్ ఓక్స్‌లో 1981 నుంచి 'అనాజక్ థాయ్' ఉంది. అనాజక్ అంటే రాజ్యం. మాట మూలం మన 'ఆజ్ఞా చక్రం' దగ్గరే తేలుతుంది. తండ్రి నడిపేవాడు. కొడుకు జస్టిన్ పిచెత్రుంగ్సీ డిస్నీవారి వినోద ఉద్యానాలు రూపొందించే సంస్థలో ఆర్ట్ డైరెక్టరు. హాలీవుడ్‌లో అంతటి ఉద్యోగం ఎవరైనా వదులుకుంటారా? తండ్రి జబ్బుపడడంతో 2019లో వదిలేసి వచ్చి కొట్టులో కూర్చున్నాడు. మరుసటేడే కరోనా. లోపల కూర్చోబెట్టే వీలు లేకపోయె. హోటలు వెనక సందులో బల్లలు వేసి, మంగళవారం మంగళవారం మెక్సికోవాళ్ళ టాకో రొట్టెలో థాయ్ కూరలు చుట్టి అమ్మాడు. జనం ఎగబడ్డారు! 2022లో లాస్ ఏంజిలిస్ టైమ్స్ దాన్ని ఆ ఏటి మేటి హోటలుగా ఎంచింది. 2023లో జేమ్స్ బియర్డ్ బహుమతి, కాలిఫోర్నియా ఉత్తమ వంటగాడుగా, జస్టిన్‌కే. ఇక్కడికి మాత్రం ముందుగా చోటు రాయించుకోనిదే వెళ్ళకండి. వేయించిన కోడి తప్పక తినండి.

కొడుకులు వచ్చిన కొట్ల సంగతి ఇది. రానివాళ్ళూ ఉన్నారు. థాయ్ టౌన్‌లో నెలనెలా పెరిగే అద్దె కట్టుకుంటూ, అరవై దాటినా పొయ్యిముందు నిలబడే ఆడవాళ్ళు చాలామంది. వాళ్ళ పిల్లలు డాక్టర్లో ఇంజినీర్లో అయ్యారు. మంచిదే. కానీ ఆ గరిటె కింద పెట్టిననాడు ఆ పులుసు మరెవరూ పెట్టలేరు. అందుకే పేరున్న హోటలుకు ఒక పూట వెళితే, పేరులేని కొట్టుకు రెండు పూటలు వెళ్ళండి.

ఈ పేట తిండికోసం పుట్టింది కూడా కాదు. 1995 ఆగస్టులో లాస్ ఏంజిలిస్ పక్కనున్న ఎల్ మాంటేలో, ముళ్ళకంచె వేసిన ఇళ్ళలోంచి 72 మంది థాయ్ కార్మికుల్ని విడిపించారు. వాళ్ళచేత పగలూ రాత్రీ బట్టలు కుట్టించారు. గడప దాటనివ్వలేదు. కొందరు ఏడేళ్ళదాకా అలాగే ఉన్నారట. వాళ్ళకు అండగా నిలిచినవాళ్ళలో 1994లో పుట్టిన థాయ్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ సెంటర్ ఒకటి. 'మాకంటూ ఒక పేట ఉండాలి, మావాళ్ళకు అందులో బతుకుతెరువు ఉండాలి' అని పోరి 1999లో ఆ పేరు సాధించింది కూడా ఆ సంస్థే. ఆ బంగారు బొమ్మల దగ్గర ఫోటో తీసుకునేటప్పుడు ఈ మాట గుర్తుంటే చాలు.

* * *

థాయ్ టౌన్‌లో మిగతావి గబగబా చెప్పేస్తాను. 'సాప్ కాఫీ షాప్' పేరు చూసి కాఫీకి వెళ్ళేరు! అక్కడ తినవలసింది పడవ నూడుల్సు. పూర్వం బ్యాంకాక్ కాలవల్లో పడవల మీద అమ్మేవాళ్ళు. రసం చిక్కబడడానికి నెత్తురు కలుపుతారు. తెలంగాణాలో నల్ల తిన్నవాళ్ళకు ఇది కొత్త కాదు, మిగతావాళ్ళు ఆలోచించుకోండి. రాత్రి పొద్దుపోయాక ఆకలేస్తే 'రుయెన్ పెయిర్'. అక్కడి ఉప్పు ముల్లంగి ఆమ్లెట్టుకు పేరు. శని, ఆదివారాలైతే నార్త్ హాలీవుడ్ దగ్గరున్న 'వాట్ థాయ్' గుడికి వెళ్ళండి. గుడి ఆవరణలో తిరణాలలాగా తిండి అంగళ్ళు. నాలుగు అంగళ్ళ ముందు నిలబడితే నలుగురు తల్లుల చేతివంట. బుద్ధుడి గుడి కదా, అంతా శాకాహారమే అనుకోవద్దు సుమా!

కారం సంగతి. గుంటూరు అమ్మగారూ, మీరు కాస్త జాగ్రత్త. సర్వరు "ఎంత కారం?" అనగానే మన ఊరి పౌరుషం పొడుచుకొచ్చి "థాయ్ హాట్" అంటారు. మన సన్నం మిరపకాయను ఎండబెట్టి, పొడిచేసి, చింతపండుతో, నూనెతో, అన్నంతో సర్దుకుంటాం. వాళ్ళది వేలెడు కూడా లేని పచ్చి పిట్ట మిరప. థాయ్‌లో దాని పేరుకు అర్థం 'ఎలుక పెంట'. చూపుకు అంతే ఉంటుంది, ఘాటులో మాత్రం మన సన్నాన్ని మించింది. రోట్లో పచ్చిగా దంచి అలాగే ఇస్తారు. మొదటి రోజు "ఫెట్ నిట్ నోయ్" అనండి. కొంచెం కారం అని. రెండోరోజు మీ ఇష్టం. అన్నట్టు ఈ మిరపకాయ మనదీ కాదు, వాళ్ళదీ కాదు. పుట్టింది అమెరికా ఖండంలో. పోర్చుగీసు ఓడలెక్కి తూర్పుకు వచ్చింది. మనమూ వాళ్ళూ తీసుకెళ్ళి దొరలకు పెడితే, ఇప్పుడు వాళ్ళే కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు!

రోలు మాట వచ్చింది కనుక... 'నాం ఫ్రిక్' అని అడగండి. మిరపకాయలూ, వెల్లుల్లీ రోట్లో నూరి, పచ్చి కూరముక్కలతో, అన్నంతో పెడతారు. మన రోటిపచ్చడికి అచ్చమైన తోబుట్టువు. తినేది చెంచాతోనూ ఫోర్కుతోనూ. పుల్లలు నూడుల్సుకే. ఈశాన్యంవాళ్ళ జిగురన్నమైతే హాయిగా చేత్తో తినవచ్చు.

ఇప్పుడు శాకాహారం. ఇక్కడ నేను మొహమాటపడను. మెనూలో 'వెజిటేరియన్' అని ఉన్నంతమాత్రాన నమ్మకండి. మాంసం ముక్క తీసేసి అదే చేపనీళ్ళతో వండే చోట్లున్నాయి. వాళ్ళ దృష్టిలో అది మన ఉప్పులాంటిది, మోసమనుకోరు. చేపనీళ్ళు వద్దంటే మానేస్తారు. ఎర్రకూర, ఆకుపచ్చకూరల ముద్దలో మాత్రం రొయ్యల ముద్ద ముందే నూరి ఉంటుంది. అది తియ్యడం ఎవరివల్లా కాదు. నాం ఫ్రిక్‌లోనూ మామూలుగా అదే ఉంటుంది కనుక అది మీ అబ్బాయికి వదిలెయ్యండి. కూరలు వేయించేటప్పుడు పోసే నల్లటి సాసు ఆల్చిప్పలది కావచ్చు.

కాబట్టి ఇలా చెప్పండి: "మై సై నాం ప్లా." చేపనీళ్ళు వద్దు. "మై సై కపీ." రొయ్యల ముద్ద వద్దు. లేదా ఒక్క మాట, "జే". అంటే గుడ్డూ, ఉల్లీ, వెల్లుల్లీ కూడా లేని కఠిన శాకాహారం. ఇంకో మాట ఉంది, వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. శాకాహారాన్ని వాళ్ళు 'మంగ్‌సవిరత్' అంటారు. మాంస విరతి! ఆహారాన్ని 'ఆహాన్' అంటారు. నూటికి నూరుపాళ్ళూ మన మాటలే, కొంచెం ముక్కుతో పలుకుతారంతే. మీరు ఈ రెండూ పలికితే ఆ వంటమనిషి బయటకు వచ్చి మిమ్మల్ని చూసి వెళుతుంది. బొప్పాయి పచ్చడి 'సోమ్ తమ్' అప్పటికప్పుడు దంచుతారు కనుక చేపనీళ్ళూ, ఎండు రొయ్యలూ లేకుండా అడిగితే సులువు. పచ్చి బొప్పాయి తురుమూ, నిమ్మరసమూ, వేరుశనగలూ, మిరపా... దానికి జిగురన్నం తోడయితే మీ పూట గడిచినట్టే.

చివర్లో తీపి. హాలీవుడ్ బూలెవార్డు మీదే 'బాన్ ఖనోమ్ థాయ్' అని మిఠాయి కొట్టుంది. 'ఖనోమ్ క్రోక్' అడగండి. గుంతలున్న పెనం మీద బియ్యప్పిండీ కొబ్బరిపాలూ పోసి కాలుస్తారు. చూడగానే మీరే అంటారు, ఇవి మన గుంత పొంగణాలు కావూ అని! గుడ్డు పచ్చసొనతో చేసే బంగారు దారాల మిఠాయి కూడా ఉంటుంది. అది పోర్చుగీసువాళ్ళు నేర్పింది, మీకు పనికిరాదు. మామిడిపండూ జిగురన్నమూ మాత్రం మీకే రాసిపెట్టి ఉంది.

వెళ్ళడానికి కారు లేకపోయినా ఫరవాలేదు. డాల్బీ థియేటరు కిందే రైలు ఎక్కితే రెండో స్టేషను హాలీవుడ్-వెస్టర్న్. బయటకు రాగానే థాయ్ టౌనే. వేళలూ, సెలవు రోజులూ మారుతుంటాయి, బయలుదేరేముందు మీ అబ్బాయిచేత ఒక ఫోను కొట్టించండి. అక్కడ బిల్లు మీద ఐదోవంతు దాకా సర్వరుకు వదలడం ఆచారం, దాని దగ్గర బేరమాడకండి.